సంయుక్తాక్షరాల లెక్క: మేళకర్త నామాల్లో కటపయాది సూత్రం

వ్యాససంగ్రహం:
అక్షరాలకు అంకెల విలువ కట్టి పదంలో సంఖ్యను దాచే కటపయాది పద్ధతిలో, సంయుక్తాక్షరం వచ్చినచోట చివరి హల్లునే లెక్కించాలని పాఠ్యగ్రంథాలు చెబుతున్నాయి. ఈ సూత్రం డెబ్బైరెండు మేళకర్త నామాలకు ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వర్ణక్రమం మారితే సంఖ్య ఎలా మారిపోతుందో చూపుతుంది.

కీలక పదాలు: కటపయాది, మేళకర్త, సంయుక్తాక్షరం, వలపలగిలక, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక:
కటపయాది నియమం చూడటానికి సులభం. క నుంచి ఝ వరకు, ట నుంచి ధ వరకు తొమ్మిదేసి హల్లులకు 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8 విలువలు. ఞ, న, విడి అచ్చులు సున్నాలు. వచ్చిన అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి. 'జయ' అనే మాటలో జ 8, య 1. తిప్పి చదివితే 18. భారతానికి జయమనే పేరును పద్దెనిమిది పర్వాలతో ముడిపెట్టే వివరణకు ఆధారం ఇదే.

మేళకర్తల పేర్లలో మొదటి రెండు అక్షరాలు రాగసంఖ్యను ఇస్తాయి. మాయామాళవగౌళలో మ 5, య 1 కాబట్టి అది 15వ మేళం. అప్పటికే ప్రసిద్ధమైన రాగాల పేర్లు లెక్కకు ఒదగనప్పుడు ముందు ఒక మాట చేర్చారు. శంకరాభరణానికి 'ధీర' చేరి 29, తోడికి 'హనుమ' చేరి 8, కల్యాణికి 'మేచ' చేరి 65 అయ్యాయి. ముద్దుస్వామి దీక్షితుల సంప్రదాయం పాటించిన అసంపూర్ణ మేళ పద్ధతిలో అదే 8 జనతోడి, అదే 65 శాంతకల్యాణి. ముందుమాట అర్థం కోసం కాదు, అంకె కోసం వచ్చిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

2. పదకొండు పేర్లు:
నేడు ప్రచారంలో ఉన్న, గోవిందాచార్యుల సంగ్రహచూడామణితో ముడిపడిన సంపూర్ణ మేళ నామావళిలో, మొదటి రెండు అక్షరాల్లో హల్లుల కలయిక ఉన్న పేర్లు పదకొండు. పాఠ్యగ్రంథ సూత్రానికి తలవంచేవి నాలుగే: రత్నాంగి (2), సూర్యకాంతం (17), షడ్విధమార్గిణి (46), ధర్మవతి (59). షణ్ముఖప్రియలో ణ, మ రెండూ 5 కాబట్టి ఎలా లెక్కించినా 56 వస్తుంది. మిగిలిన ఆరూ ఎదురు తిరుగుతాయి. చక్రవాకం 16 కావాలంటే 'క్ర'లో క తీసుకోవాలి. దివ్యమణి 48 కావాలంటే వ, విశ్వంభరి 54 కావాలంటే శ, చిత్రాంబరి 66 కావాలంటే త తీసుకోవాలి. శ్యామలాంగి (55), జ్యోతిస్వరూపిణి (68) కూడా మొదటి హల్లుతోనే కుదురుతాయి. నాలుగు అనుకూలం, ఆరు ప్రతికూలం అయినప్పుడు ఆ ఆరింటినీ అపవాదాలు అనడం సబబు కాదు.

ఇక్కడి చిక్కు ఏమంటే, తప్పు లెక్క తనంతట తాను బయటపడదు. సూత్రాన్ని నమ్మిన విద్యార్థికి చక్రవాకం 26 అవుతుంది, అది చారుకేశి. దివ్యమణి 18 అవుతుంది, అది హాటకాంబరి. విశ్వంభరి 44, అంటే భావప్రియ. పోనీ మొదటి హల్లునే నియమంగా పెట్టుకుంటే ధర్మవతి 29 అయి శంకరాభరణం చోటికి పోతుంది. ప్రతి తప్పూ మరో నిజమైన రాగం దగ్గరే ఆగుతుంది. తన తప్పును తానే చెప్పే పేరు ఒక్కటే ఉంది, సింహేంద్రమధ్యమం. అనుస్వారాన్ని విడిచి స, హ లెక్కిస్తే 87 వస్తుంది, అన్ని మేళాలు లేవు. 57 రావాలంటే ఆ సున్నను తెలుగువారు పలికినట్టే మకారంగా వినాలి. ఝంకారధ్వని, గాంగేయభూషణి, కాంతామణి పేర్లలో మాత్రం సున్నకు విలువే లేదు.

3. వర్ణక్రమమే సాక్ష్యం:
ముద్రిత గ్రంథాల్లో తరచు కనిపించే 'నటభైరవి' 10 అవుతుంది, అది నాటకప్రియ స్థానం. 20 కావాలంటే ఒత్తు ఠకారంతో 'నఠభైరవి' అనే రాయాలి. 'ఋషభప్రియ' అని సంస్కృత శుద్ధితో రాస్తే ఋ అచ్చు కాబట్టి సున్నా, సంఖ్య 60, అంటే నీతిమతి. 62 నిలవాలంటే 'రిషభప్రియ' అనాలి. ఇక్కడ వ్యాకరణశుద్ధి లెక్కను చెడగొడుతోంది! శ్యామలాంగి విషయంలోనూ ఈ కోణం ఆలోచించదగినది. అసంపూర్ణ పద్ధతిలో 55వ మేళం పేరు శామళం. 'శామలాంగి' అనే రూపమే మొదటిదై, తర్వాత సంస్కరణ పొందిందనుకుంటే ఆ ఒక్క పేరు చిక్కు విడిపోతుంది. ఇది ఊహే. తాళపత్ర ప్రతుల్లోని పాఠాలు చూడకుండా తేల్చరాదు.

రాగానికి పేరు చెప్పే సంఖ్యను స్వరాలతో సరిచూసుకోవచ్చు. కావ్యరచనా కాలాన్ని దాచిన పదానికి ఆ వసతి లేదు. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి నారాయణీయాన్ని ముగించిన సమాసం 1712210 అనే కలిదిన సంఖ్యను ఇస్తుంది. అక్కడి 'గ్య', 'ఖ్య'లలో చివరి యకారమే లెక్క. కేరళ గణిత సంప్రదాయంలో గట్టిగా నిలిచిన నియమాన్ని అలాగే తెచ్చి మేళనామాలకు అతికించడం వల్లనే ఈ గందరగోళం వచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి విలోమంగా, ఒక సంప్రదాయపు కాలసూచక పదాన్ని మరో సంప్రదాయపు లెక్కతో విప్పితే అంకె మారి, కృతి కాలమే మారిపోతుంది.

4. లిపి వైపు నుంచి:
ఎదురు తిరిగిన ఆరు పేర్లలోనూ రెండో హల్లు య, ర, వలలో ఒకటి. తెలుగు రాతలో అది వత్తుగా కింద చేరుతుంది, పైన నిలిచే తలకట్టు అక్షరం మొదటిదే. సూర్య, ధర్మ పదాలను నేటి రాతలో చూస్తే ఇందుకు విరుద్ధంగా తోస్తాయి. కానీ పాత రాతలో రేఫం వలపలగిలకగా పక్కకు జరిగి, య, మ లే ప్రధానాక్షరాలుగా నిలిచేవి. అంటే కంటికి ప్రధానంగా కనిపించే అక్షరాన్ని లెక్కిస్తే పదింటిలో ఎనిమిది పేర్లు కుదురుతాయి. చెవికి కట్టిన సూత్రం కన్నా కంటికి కట్టిన సూత్రమే ఇక్కడ మెరుగు. పేర్లు పెట్టినవారు ఏ లిపిలో ఆలోచించారన్నది దీనివల్ల రుజువు కాదు. పరిశోధించదగిన ప్రశ్నగా మాత్రం అది నిలుస్తుంది. షడ్విధమార్గిణిలో డకారం సమాసపు మొదటి పదం చివర ఆగిపోతుంది కాబట్టి వకారాన్ని లెక్కించారని సర్దిచెప్పవచ్చు. రత్నాంగికి ఆ సమాధానమూ లేదు. అదే రెండో మేళానికి అసంపూర్ణ పద్ధతి పెట్టుకున్న ఫేనద్యుతి అనే పేరులో ఈ చిక్కే తలెత్తదు.