స్వీయచరిత్రము - వస్తుసంవిధానము

స్వీయచరిత్ర రచయితకు వస్తువును వెదకుకొనవలసిన పని లేదనియు, కాలక్రమమే అతని గ్రంథమునకు క్రమమనియు నొక అభిప్రాయము లోకమున కలదు. జననము, విద్యాభ్యాసము, వివాహము, ఉద్యోగము, వార్ధకము అను మెట్లమీదుగా నడచినచో గ్రంథము తనంత తానే రూపొందునని పలువురు భావింతురు. జీవితచరిత్రలపై వెలువడు సిద్ధాంతవ్యాసములు సైతము తరచుగా ఈ మెట్లనే అధ్యాయములుగా స్వీకరించుచున్నవి. ఈ అభిప్రాయము పరీక్షకు నిలువదని నా తలంపు. కాలక్రమము సంఘటనలను వరుసగా నిలుపగలదు గాని, వానిలో నేది ప్రధానమో యేది ఆనుషంగికమో తేల్చజాలదు. రచయిత యెవరికి చెప్పుచున్నాడను ప్రశ్నకు వచ్చు సమాధానమే దానిని తేల్చును. శ్రోత మారినచో నిర్మాణము మారును. తెలుగున సుప్రసిద్ధములైన మూడు గ్రంథములను ఈ దృష్టితో పరిశీలింతము.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఇది యాత్రాగ్రంథమే యైనను, ఆత్మానుభవమును తెలుగు వచనమున నిబంధించిన తొలి యత్నములలో నొకటి యగుటచే ఇచట స్మరింపదగినది. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథములను దర్శించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మద్రాసు చేరిరి. దారిలో వ్రాసిన విశేషములను మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. ఆ మిత్రులే 1838లో గ్రంథమును ముద్రింపించిరి. ఆ మార్గము నెరుగని మిత్రుడు శ్రోత. కనుకనే ఊరి పేరు, దూరము, బాట తీరు, దిగుటకు వసతి, దొరకు పదార్థములు ముందు వచ్చును. శాస్త్రచర్చయు లోకాచారవిమర్శయు వాని నడుమ సందర్భానుసారముగా చోటు చేసికొనును. రేపు ఏమి జరుగునో రచయితకు తెలియదు; ఆ తెలియమియే గ్రంథమునకు జీవము. తిరిగి వచ్చిన పిమ్మట ఆయన తన వ్రాతలను విడదీసి, క్షేత్రములు, ధరలు, ఆచారములు అని శీర్షికలక్రింద కూర్చి యుండినచో మనకొక వివరపట్టిక మిగిలెడిది. యాత్ర మిగిలెడిది కాదు.

రెండవది కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము. 1911, 1915 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడినది. పైకి కాలక్రమము ననుసరించునదే. కాని లోపలి క్రమము వేరు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన తొలి వితంతువివాహమును, దాని పర్యవసానమును తెలుపు భాగములను చూడుడు. తోడు నిలిచినవారెవరు, బహిష్కారమునకు వెరచి ప్రాయశ్చిత్తమునకు లొంగినవారెవరు అను విషయమున పంతులుగారి దృష్టి యెంతో జాగరూకముగా నుండును. ఇట్టి వివరము కథకునకు భారము, సాక్షికి ప్రాణము. పంతులుగారు లోకమను న్యాయస్థానమునెదుట నిలిచి వాఙ్మూలము నిచ్చుచున్నారు. అందువలననే ప్రమాణము కావలసినచోట కథ ఆగును. సమాధానము చెప్పవలసినచోట విస్తరించును. ఇది దోషమని కొందరందురు. ఎవరికి చెప్పుచున్నారో గ్రహించినచో ఇది ఔచిత్యమని తోచును. అయితే ఈ నిర్మాణమునకు చెల్లింపవలసిన మూల్యమొకటి కలదు. మనుష్యులు అనుకూలురుగానో ప్రతికూలురుగానో నిలిచిపోవుదురు. ఉద్యమభారమును గృహమున మోసిన రాజ్యలక్ష్మమ్మగారి సాహసము గౌరవముతో పేర్కొనబడినదే గాని, ఆమె మనస్సు మనకు తగినంతగా దొరకదు. న్యాయస్థానమునకు మౌనముతో పని లేదు గదా!

మూడవది చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి కథలు-గాథలు. ఇది ఏకసూత్రముగా వ్రాసిన స్వీయచరిత్ర కాదు, వ్యాససంపుటి. ఇందు కాలక్రమము నపేక్షించు పాఠకుడు విసుగు చెందును. గురువుల ప్రసక్తి సంస్థానప్రసక్తికి, అది వివాదమునకు, అది మరియొక పద్యమునకు దారి తీయును. ఇట శ్రోతలు శిష్యులు, సహృదయులు. శాస్త్రిగారు చదువుచున్న వ్యాసముగా గాక, కూర్చుండి చెప్పుచున్న ముచ్చటగా దీనిని నడపిరి. ఈ ప్రసక్తానుప్రసక్తిని అవ్యవస్థ యనుట పొరపాటు. అవధానమున పృచ్ఛకులు అడిగిన పద్యములు ఒక్కొక్క పాదముగా చెదరి వెలువడును. నడుమ నిషిద్ధాక్షరియు అప్రస్తుతప్రసంగమును అడ్డు తగులును. కడపట ధారణలో అన్నియు పూర్ణరూపమున నిలుచును. శతావధానిగా జీవించినవాని వచనమునకు ఇంతకంటె సహజమైన నిర్మాణ మేది? అయినను ధారణాశక్తి లేనివాడు ఈ మార్గమును అనుకరించినచో మిగులునది అప్రస్తుతప్రసంగ మొక్కటే.

కాలక్రమము వేరు, నిర్మాణము వేరు అనుటకు ప్రకాశము పంతులుగారి నా జీవితయాత్ర మరియొక నిదర్శనము. ఆయన వ్రాసిన మూడు భాగములకు తరువాయిగా నాల్గవ భాగమును తెన్నేటి విశ్వనాథముగారు రచించిరి. సంఘటనల వరుస కొనసాగినది. ఆ పనియు ఆవశ్యకమే. కాని పేరులోని ‘నా’ అను పదము అచట ఆగిపోయినది. కాలక్రమమును మరియొకరు పూరింపగలరు. చెప్పువానికిని వినువానికిని నడుమనున్న సంబంధమును పూరింపజాలరు.

ఈ సత్యమును నేను పొరపాటు చేసి నేర్చుకొంటిని. పరిశోధకుడనుగా నున్న దినములలో నొక వృద్ధోపాధ్యాయుని జ్ఞాపకములను ఆయన చెప్పగా వ్రాసికొంటిని. ఆయన యెప్పుడు మొదలుపెట్టినను, ఇంటిలోని తాటాకు గ్రంథములు వరదలో కొట్టుకొనిపోయిన రాత్రితోనే మొదలుపెట్టెడివారు. బాల్యమును అటుపిమ్మటనే చెప్పెడివారు. వార్ధకమువలని తడబాటని నేనెంచి, తేదీలనుబట్టి సర్ది, శుద్ధప్రతి వ్రాసి వినిపించితిని. వరద ఏబదవ పుటలో నొక చిన్న పేరాగా మిగిలినది. ఆయన ఓపికగా విని, మాటలన్నియు తనవే గాని చెప్పినది మాత్రము తాను కాదని యనిరి. పోయిన గ్రంథములకు బదులుగానే ఆయన తన జ్ఞాపకములను నాకు అప్పగించుచున్నారని నాకప్పుడు తెలిసినది. నా తేదీలు తప్పు కావు. గ్రంథమే తప్పు. దానిని సరిదిద్దుటకు ముందే ఆయన గతించిరి. మొదటి ప్రతిని నేను దాచుకొనకపోతిని.

కావున పెద్దల జ్ఞాపకములను సేకరించు పరిశోధకవిద్యార్థులు రెండు పనులను వేరుచేసికొనవలెను. తేదీల పట్టికను తయారుచేయుట చరిత్రకారుని ధర్మము. దానిని అనుబంధముగా నుంచవచ్చును. చెప్పినవారి క్రమమును మాత్రము, అది యెంత వక్రముగా తోచినను, మొదట యథాతథముగా భద్రపరుపవలెను. వారు ఎచట మొదలిడిరి, దేనికి మరలమరల వచ్చిరి, ఎచట ఆగిరి అను మూడు ప్రశ్నలు వేసికొన్న పిదపనే అధ్యాయవిభాగమునకు పూనుకొనుట మేలు. స్వీయచరిత్రను విమర్శించువారికిని ఈ ప్రశ్నలే తొలి సాధనములు.