మక్క చేనుకు ఏ తుపాకి?

అన్ని జంతువులకూ పనికొచ్చే ఒకే ఒక్క రైఫిల్ ఏది? వేట నడిచే దేశాల్లో ఈ వాదన వందేళ్లుగా తెగడం లేదు. అమెరికాలో ఎక్కువమంది .30-06 పేరు చెబుతారు. 1906లో అక్కడి సైన్యం కోసం పుట్టిన తూటా అది. పేరు చివరనున్న 06 ఆ సంవత్సరమే. తేలిక గుండు పెడితే జింకకు, బరువు గుండు పెడితే ఎలుగుబంటికి సరిపోతుందని వాళ్ల లెక్క.

మన దగ్గర వాదన మొదలుకాకముందే తీర్పు వచ్చేసింది. తమ సైన్యం వాడే .303 తూటా జనం చేతికి చిక్కకూడదని తెల్లదొరలు దాన్ని ఆపేశారు. స్వాతంత్ర్యం వచ్చినా ఆ భయం ఆయుధ నిబంధనల్లో అట్లనే ఉంది. సైన్యపు .303 గానీ, 7.62 గానీ పట్టే రైఫిల్‌ను మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది .315. నిజానికది ఒకప్పటి ఆస్ట్రియా-హంగరీ సైన్యపు మాన్‌లిషర్ తూటా. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలోనే ఒక రైఫిల్ చేసి, దానికి ఈ తూటాను అమర్చింది. దేశంలో లైసెన్సు రైఫిల్ అనగానే చాలామందికి అదే గుర్తొస్తుంది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపే తమ్ముడొకడు మొన్న అడిగాడు. మంథని దిక్కు వాళ్లకు నాలుగెకరాల మక్క ఉంది. "అన్నా, పందులు చేనంత దున్నుతున్నయి. త్రీ వన్ ఫైవ్‌కు లైసెన్సు పెట్టుకుందమనుకుంటున్న. మంచిదేనా?" వద్దన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను.

పాత వేటగాళ్ల నుంచే మొదలుపెడతాను. జిమ్ కార్బెట్‌కు చంపావత్ ఆడపులిని కొట్టినందుకు 1907లో బహుమతిగా వచ్చింది .275 రిగ్బీ. గుండు బరువు దాదాపు 9 గ్రాములు. మన బొల్లారంలో 1910లో పుట్టిన కెనెత్ ఆండర్సన్, తిరుపతి దగ్గరి మామండూరు అడవుల దాకా తిరిగినవాడు, .405 వించెస్టర్‌ను నమ్ముకున్నాడు. దాని గుండు 19 గ్రాములు పైనే. ఒకరిది మరొకరి దానికి రెట్టింపు. ఇద్దరూ పులులనే కొట్టారు. ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు కార్బెట్ వాడిన ఆ సన్న 7 మిల్లీమీటర్ల తూటాతోనే ఏనుగులను పడగొట్టాడు. ఎంత లావు గుండు అన్నదాని కంటే ఎక్కడ తగిలిందన్నదే పెద్ద సంగతని వీళ్లందరి అనుభవం.

అయితే వాళ్ల గుండు తప్పిపోతే వెనక ఉన్నది అడవి. 1902లో వైస్రాయ్ కర్జన్ మన పక్కనే, వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులివేట చేశాడు. చంపిన పులితో ఆయన ఫొటోను లాలా దీన్‌దయాళ్ తీశాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నేను పులిని కాదు, వెనకున్న చెట్లను చూస్తాను. ఇప్పుడు మా పెద్దపల్లి జిల్లాలో గుండును ఆపే అటువంటి అడవి వెనక ఎక్కడుంది? కాకతీయ కాలువ కింద పొలాలు బల్లపరుపు. పొలం దాటితే ఊరు, ఊరు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలనీ. రాత్రిపూట కావలికి పోయేవాడు, మోటరు కాడికి పోయేవాడు, సెకండ్ షిఫ్టు దిగి బండి మీద వచ్చేవాడు, వీళ్లందరూ చీకట్లోనే ఉంటారు. పంది వచ్చేదీ ఆ వేళకే.

.315 గుండు సుమారు 16 గ్రాములు. సెకనుకు 600 మీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. ముక్కు మెత్తగా ఉన్న గుండే పెట్టినా, పక్కనుంచి తగిలితే పందిలోంచి దూసుకుపోవచ్చు. పోయాక ఇంకా ఒకరి ప్రాణం తీసేంత బలం దానిలో మిగిలి ఉంటుంది. తప్పిపోతే చెప్పనక్కర్లేదు. కొంచెం పైకెత్తి పేలిస్తే ఈ జాతి రైఫిల్ గుండు కిలోమీటర్ల దూరం పోయి పడుతుంది. ఏ ఊరి పొలిమేరలో పడుతుందో పేల్చినవాడికి తెలియదు.

అట్లాగని చిన్నది పట్టుకుంటే అది ఇంకో పాపం. ఎన్‌సీసీలో నా చేతికి మొదట ఇచ్చింది .22. ఆ రైఫిల్ మీద నాకు ఇప్పటికీ ప్రేమే. ఊపిరి బిగబట్టడం, మీటను గుంజకుండా నెమ్మదిగా ఒత్తడం అదే నేర్పింది. గుండ్లన్నీ దగ్గరదగ్గరగా పడితే హవల్దారు భుజం తట్టేవాడు. కానీ దాని గుండు రెండున్నర గ్రాములు. ఎదిగిన మగపందికి భుజాల మీద మందపాటి గట్టి పొర ఉంటుంది. గుండెకాయేమో కిందికి, ముందరి కాలు వెనకాల ఉంటుంది. చీకట్లో, టార్చి వెలుగులో, కదిలే పందికి .22తో ఆ చోటు దొరకబట్టడం కుదరని పని. గాయపడ్డ పంది అప్పుడే చావదు. గని మట్టి పోసిన ఓబీ గుట్టల మీది పొదల్లోకో, వాగు ఒడ్డు సర్కారు తుమ్మలోకో పోయి పడుకుంటుంది. నొప్పితో కుళ్లుతూ రోజులు గడుపుతుంది. ఎండాకాలం తునికాకుకు పోయిన ఆడవాళ్ల మీదికి ఉరికేది అదే. గాయం చేసి వదిలేసినవాణ్ని నేను వేటగాడిగా లెక్కపెట్టను.

మా బాపు బొగ్గుబాయిలో మందు పేల్చే షాట్‌ఫైరర్. రంధ్రంలో మందు తక్కువైతే బొగ్గు రాలదు. ఎక్కువైతే రాయి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. మందు వేసేముందు ఆయన మొదట చూసేది బొగ్గును కాదు, మనుషులు ఎక్కడున్నారన్నది. ఓపెన్‌కాస్టుల్లో సైరన్ మోగించి, ప్రమాద హద్దు దాటించి, అందరినీ దూరం తోలాకే బ్లాస్టింగ్ చేసేదీ అందుకే. బోరు ఎంచుకోవడం కూడా ఈ పనే.

అందుకని మా జిల్లాకు నేను చెప్పే ఒక్క తుపాకి రైఫిల్ కానేకాదు. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, ఒక్క గుండు పట్టేంత గొట్టం. ఆ లెక్కనే పన్నెండు. దానిలో ఎల్‌జీ తూటా పెడితే, ఒక్కొక్కటి సుమారు 9 మిల్లీమీటర్ల గుండ్లు గుంపుగా వెళ్తాయి. ముప్పై మీటర్ల లోపల పంది నిలువునా కూలుతుంది. ఆ దూరం దాటితే గుండ్లు చెదిరి గాయాలే మిగులుతాయి, అప్పుడు పేల్చకూడదు. తప్పిపోయిన గుండ్లు రైఫిల్ గుండులా ఊళ్లు దాటవు, కొన్ని వందల మీటర్లలో నేలపడతాయి. ముప్పై మీటర్ల దూరంలోకి రానిచ్చి కొట్టాలంటే ఓపిక కావాలి, గాలి ఎటు వీస్తుందో తెలియాలి, పంది నడిచే దారి పగలే చూసిపెట్టుకోవాలి. మంచె మీద కూర్చుని కిందికి కొట్టాలి. అట్లా కొడితే గుండు పందిని దాటినా నల్లరేగడిలోనే దిగుతుంది. నున్నటి గొట్టం తుపాకిని, పంట కాపలాకు మందు కూరే తుపాకిని 1959 ఆయుధ చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. ఈ పొలాల గురించి ఎరుక ఉన్నవాళ్లెవరో ఆ వాక్యం రాసి ఉంటారని నాకనిపిస్తుంది.

ఆ డబుల్ బ్యారెల్స్ ఒకప్పుడు ఇక్కడి గడీల్లో ఉండేవి. రైతుకూలీ పోరాటాల కాలంలో కొన్ని దళాలకు పోయాయి, కొన్ని పోలీసు స్టేషన్ బీరువాల్లోకి పోయాయి. తుపాకి అంటే జులుమో, ఎదురుకాల్పులో అని పెరిగిన తరం మాది. పంటకు కాపలా అనే మూడో అర్థం మా ఊళ్లలో ఇంకా కుదురుకోలేదు.

లైసెన్సు దొరికినంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదని ఆ తమ్ముడికి మళ్లీ చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి సరదా వేటను పూర్తిగా మూసేశాయి. 2023 ఏప్రిల్ నుంచి అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. నిలబడ్డ పంటకు ముప్పయితే, 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనో, ఆయన అధికారమిచ్చిన అధికారో రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. బిహార్‌లోని మొకామాలో 2016లో నీల్‌గాయిలను కొట్టడానికి హైదరాబాద్ షూటర్ షఫత్ అలీ ఖాన్ వెళ్లింది కూడా ప్రభుత్వం పిలిచాకే.

ఈ తిప్పలన్నీ పడలేక రైతు ఏం చేస్తున్నాడో మనందరికీ తెలుసు. కరెంటు లైనుకు కొక్కెం తగిలించి చేను చుట్టూ తీగ గుంజుతున్నాడు. ఆ తీగకు బోరూ లేదు, గురీ లేదు. పంది పడుతుంది, పక్క చేను రైతు పడతాడు, గోదావరి అవతల మంచిర్యాల అడవుల్లో పులులూ పడ్డాయి. పంట పోయిన రైతు కడుపుమంట నాకు అర్థమవుతుంది. కాబట్టే తీగ తీసెయ్యమని ఒట్టిగా చెప్పి ఊరుకోవడం అన్యాయం. చేతిలో ఇంకొకటి పెట్టాలి.

పందులను కొట్టే అనుమతి ఇచ్చే ప్రతి కాగితం మీద తుపాకి రకం, పేల్చే దూరం, మంచె ఎక్కడన్నది రాయాలి. ఆ రాత్రి ఊళ్లో డప్పు చాటింపు వెయ్యాలి. గాయపడ్డ పందిని తెల్లారేసరికి వెతికి పట్టే బాధ్యత పేల్చినవాడిదే అని కూడా రాయాలి. ఆ తమ్ముడు వచ్చే సోమవారం ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు దరఖాస్తుతో పోతానన్నాడు. ఊరి రైతులందరి సంతకాలతో పొమ్మన్నాను. త్రీ వన్ ఫైవ్ మాట మాత్రం అందులో రాయొద్దన్నాను.