ఆరు డిగ్రీల వాలు

కార్న్‌ఫ్లోర్‌లో నీళ్లు పోసి చిక్కగా కలిపి గరిటె పెట్టండి. మెల్లగా తిప్పితే జారుతూ తిరుగుతుంది. విసురుగా తిప్పబోయామా, గరిటె బిగుసుకుపోయి గిన్నె కూడా దాంతోపాటు కదిలిపోతుంది. చెయ్యి సడలించగానే మళ్లీ పారుతుంది. ఇలాంటి ముద్ద మీద జనం పరుగెత్తే వీడియోలు బోలెడు. వింతే, కాదనను. కానీ ఈ విషయంలోని సొగసంతా నాకు మరోచోట కనిపించింది, అతి నెమ్మదిగా తిరిగే ఒక చిన్న డ్రమ్ములో.

మెల్లగా కదిపినంతసేపూ నీటిలోని రేణువులు నిజంగా ఒకదాన్నొకటి తాకవు. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, నానోమీటర్లలో కొలవాల్సినంత సన్నని ఎడం పాటిస్తాయి. ఒత్తిడి పెరిగితే ఆ ఎడం చెదిరిపోయి గరుకు గరుకుకి తగులుతుంది, ఒరిపిడి పుడుతుంది. 2014లో వ్యార్, కేట్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఒక చిన్న లెక్కలో ఇమిడ్చారు. ఒరిపిడి లేని గుండ్రటి రేణువులు ద్రవంలో దాదాపు 64 శాతం చోటు ఆక్రమించే దాకా పారగలవు. ఒరిపిడి ఉంటే 58 శాతం దగ్గరో, ఇంకా ముందేనో బిగుసుకుపోతాయి. ఇప్పుడు 60 శాతం ముద్దను ఊహించండి. అందులో ఒక్క రేణువూ పెరగలేదు, ఒక్క చుక్క నీరూ తగ్గలేదు. మనం గట్టిగా నెట్టాం, అంతే. గడ్డకట్టే హద్దే కిందికి దిగి దాని దగ్గరికి వచ్చింది! ఇంత పొదుపైన ఊహ ఎదురైనప్పుడు చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది.

అయినా అది కాగితం మీది ఊహే. కంటికి కనబడని ఆ స్పర్శను చూపించేదెలా? 2017లో మార్సెయ్‌లో ఫోర్తేర్, మెట్జెర్ బృందం ఎంచుకున్న దారిలోని ఔచిత్యానికి నేను ముగ్ధుణ్ణి. వెంట్రుక మందం కూడా లేని సిలికా పూసలను నీళ్లతో పాటు డ్రమ్ములో పోసి, మెల్లగా తిప్పి, కుప్ప ఎంత వాలుగా నిలుస్తుందో చూశారు. పూసల్ని అదిమేది వాటి సొంత బరువే. నీటిలో ఆ బరువు ఎంతని! ఎడాన్ని చెదరగొట్టడానికి అది చాలదు. కుప్ప జారి జారి, చివరికి ఆరు డిగ్రీల దగ్గర ఆగింది.

ఆ ఆరు దగ్గరే నా మనసు నిలిచిపోయింది. ఒరిపిడి లేకపోతే వాలు సున్నా కావాలి కదా అనిపిస్తుంది. కాదు. పక్కనున్న పూసను దాటాలంటే ప్రతి పూసా కాస్త పైకెక్కి దిగాలి. ఆ ఎక్కి దిగడానికి అయ్యే ఖరీదే ఆరు డిగ్రీలు. స్పర్శ ఊసే లేని, కేవలం గుండ్రదనం ఇచ్చిన వాలు అది.

తర్వాత నీళ్లలో ఉప్పు కలిపారు. పూసల మీది విద్యుదావేశాన్ని ఉప్పు అయాన్లు కప్పేశాయి, వికర్షణ సన్నగిల్లింది, ఎడం పోయింది. అవే పూసలు, అదే డ్రమ్ము. కుప్ప మాత్రం మామూలు ఇసుకలా ఎత్తుగా లేచి, పాతిక డిగ్రీలు దాటి నిలిచింది. ఒక్క అలంకారమూ లేని ప్రయోగం ఇది. ఖరీదైన యంత్రంతో పని లేకుండా నానోమీటరు ముచ్చటను కంటి ముందు పెట్టింది.

ఇదే సూత్రం తిరగేస్తే చాక్లెట్. 1879లో రోడాల్ఫ్ లిండ్ట్ కనిపెట్టిన కాంచింగ్‌లో చక్కెర, కోకో రేణువులను కోకో వెన్నతో గంటల తరబడి మర్దిస్తారు. ముద్ద గట్టిగా, మొండిగా ఉంటుంది. చివర్లో కొంచెం లెసిథిన్ వేస్తారు. అది రేణువుల ఒంటికి పట్టి ఒరిపిడిని తగ్గిస్తుంది, ఈసారి హద్దు పైకి లేస్తుంది. ఎడిన్‌బరో పరిశోధకులు 2019లో ఈ పనిని సరిగ్గా ఇలాగే అర్థం చేసుకున్నారు. వెన్న ఇంకా పోయనక్కర్లేదు, మొండికేసిన ముద్ద నిగనిగలాడుతూ పారుతుంది.