యూనిఫాం ఎవరి కొలతలకు కుట్టారు?

పామ్ పోస్టెమా ఆత్మకథ 1992లో వచ్చింది. అమెరికా బేస్‌బాల్‌లో పదమూడేళ్లు అంపైర్‌గా పనిచేసిన స్త్రీ తన వృత్తి గురించి చెప్పుకున్న పుస్తకం అది. పేరు 'యూవ్ గాట్ టు హావ్ బాల్స్ టు మేక్ ఇట్ ఇన్ దిస్ లీగ్'. 'బాల్స్' అంటే బంతులు, వృషణాలు కూడా. ఈ వృత్తిలో పైకి రావాలంటే ఏం ఉండాలో శీర్షికే చెప్పేస్తుంది. ఆడే స్త్రీల గురించి మనం కొంతైనా రాసుకున్నాం. ఆటలో తీర్పు చెప్పే స్త్రీ గురించి మాట్లాడుకున్నది తక్కువ.

యూనిఫాం వ్యక్తిని చెరిపేసి పదవిని నిలబెడుతుందంటారు. హోం ప్లేట్ వెనక నిలబడే అంపైర్‌కి ముఖాన మాస్కు, ఛాతీకి కవచం ఉంటాయి. లోపల ఎవరున్నా ఒకటే కావాలి. కానీ ఆ దుస్తులు చెరిపేసేది పురుషుడి దేహాన్ని మాత్రమే. స్త్రీ వేసుకుంటే అవే ఆమె దేహాన్ని అందరికీ గుర్తుచేస్తాయి.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో అమాండా క్లెమెంట్ పొడవాటి స్కర్టు, తెల్ల బ్లౌజు వేసుకుని అమెరికా పల్లెపట్టణాల్లో అంపైరింగ్ చేసింది. ఆ సంపాదనతో చదువుకుంది. ఆమె స్కర్టు ఎవరికీ పెద్దగా అడ్డు కాలేదు. అవి స్థానిక జట్ల ఆటలు. అక్కణ్ణించి పైకి ఎక్కే నిచ్చెన లేదు, ఆమె ఎవరి ఉద్యోగానికీ పోటీ కాదు.

బెర్నిస్ గెరా అడిగింది వృత్తిలో చోటు. 1967లో అంపైరింగ్ స్కూల్లో శిక్షణ పూర్తి చేసింది. అంపైర్ కనీసం 5 అడుగుల 10 అంగుళాల ఎత్తు, 170 పౌండ్ల బరువు ఉండాలన్న నిబంధన ఎదురొచ్చింది. బంతి ఎక్కడ పడిందో చూడ్డానికి కావలసింది కళ్లు. ఈ కొలతలు సగటు మగవాడి దేహంలోంచి తీసి అర్హతగా రాసుకున్నవి. ఆమె న్యాయపోరాటం చేసి గెలిచింది. 1972 జూన్ 24న న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో ఒకే ఒక్క మ్యాచ్‌కి నిలబడి, అదేరోజు రాజీనామా చేసింది. తోటి అంపైర్లు సహకరించలేదని చెప్పింది. కోర్టు నిబంధనని కొట్టేయగలిగింది గానీ పక్కన నిలబడేవాళ్ల మనసు మార్చలేకపోయింది.

పోస్టెమా నాటికి ఆ కొలతలు అడ్డు కాలేదు. 1977 నుంచి పనిచేసి, మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉన్న ట్రిపుల్-ఎ దాకా వెళ్లింది. 1988లో బాబ్ నెపర్ అనే పిచర్ ఆమె పని బాగుందని ఒప్పుకుంటూనే, దేవుడు స్త్రీని స్త్రీలా ఉండమని పుట్టించాడు, అంపైర్‌గా ఉండకూడదన్నాడు. 1989లో ఆమె ఉద్యోగం పోయింది. నైపుణ్యం మీద ఫిర్యాదు లేనప్పుడు 'స్త్రీత్వం' ఫిర్యాదవుతుంది. నిబంధనల్లోంచి తీసేసిన కొలతలు, పదోన్నతి నిర్ణయించేవాళ్ల కళ్లల్లోకి చేరతాయి. అక్కడ వాటిమీద దావా వేయడం కష్టం.

ఈ పుస్తకంతో నాకున్న పేచీ శీర్షికతోనే. ఆ వెక్కిరింత పదునైనదే. కానీ ధైర్యానికి పురుషాంగమే కొలమానమన్న భాషని వెక్కిరిస్తూనే ఆ భాషలోనే తన గెలుపుని కొలుచుకుంటుంది. కుట్టినవాడి కొలతలు మార్చకుండా, ఆ చొక్కాలో తానూ ఇమడగలనని రుజువు చేయడం లాంటిదది. ఆమె కోపాన్ని తక్కువ చేయడం లేదు. వేరే భాష ఆమెకి ఎవరిచ్చారు?

మన క్రికెట్‌లోనూ ఈ తేడా చూడొచ్చు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019 మేలో ఐసిసి మ్యాచ్ రెఫరీల ప్యానెల్లో చేరిన తొలి మహిళ. గర్వపడాల్సిన విషయం. అయితే మ్యాచ్ రెఫరీ ఉండేది మైదానం బయట. మైదానం మధ్యలో, పురుషుల చూపుల కింద నిలబడి వేలెత్తే అంపైర్ సంగతి వేరు. 1934లో మొదలైన రంజీ ట్రోఫీలో ఆ చోటు స్త్రీలకి దొరికింది 2023 జనవరిలో. వృందా రాఠీ, జనని నారాయణన్, గాయత్రి వేణుగోపాలన్ అప్పుడు అంపైర్లుగా నిలబడ్డారు.

జెన్ పావల్ 2025 ఆగస్టు 9న అట్లాంటాలో మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌కి అంపైరింగ్ చేసిన తొలి స్త్రీ అయింది. పోస్టెమాని పంపేసిన 36 ఏళ్లకి! ఈ 36 ఏళ్లని స్త్రీల అసమర్థతగా చదవడం అలవాటైన లెక్క. ఇంటర్వ్యూ గదుల్లో 'మనిషిలో ఆ అధికారం కనబడటం లేదు' అన్న మాట విన్నప్పుడల్లా, అధికారం ఎవరి ఎత్తులో, ఎవరి గొంతులో కనబడాలని వాళ్లు ఎదురుచూస్తున్నారో మనం అడగాలి.