చేతిపని – చేతివ్రాత

మా ఊర తెలుగు సంఘపు ఉగాది సభలో పిల్లలు చేసిన శుభాకాంక్షల కార్డులను, చిన్న కానుక పెట్టెలను బల్లలమీద అమర్చి చూపుట కొన్నేండ్లుగా జరుగుచున్నది. సభకు వచ్చిన పెద్దలు వానిముందు నడచిపోవుచు, ‘ఎంత ముద్దుగా ఉన్నవి!’ అని మెచ్చుకొని, ఫలహారముల వైపు సాగిపోవుదురు. పద్యము చదివిన బాలుని యతి తప్పెనని సరిదిద్దువారు కలరు. పాట పాడిన బాలికను శ్రుతి చూచుకొమ్మని హెచ్చరించువారు కలరు. కాగితపు పనికి మాత్రము ఆ ఒక్క మెచ్చుకోలే విమర్శగా చెల్లిపోవుచున్నది. దీనిని పిల్లలమీది వాత్సల్యమని మనము అనుకొందుము. నిజమునకు ఇది ఆ పనియెడల మనకు గల ఉపేక్ష. ఆ ఉపేక్షలో నాకును పాలు కలదు.

ఒక సంవత్సరము ఆ బల్లల ముందు న్యాయనిర్ణేతగా నిలుచు అవకాశము నాకు కలిగినది. నేను మొదటి బహుమతి ఇచ్చిన కార్డు కన్నుల పండువుగా ఉండెను. బంగారు కాగితమున కత్తిరించిన మామిడాకుల తోరణము, చమ్కీలు చల్లిన కలశము, కార్డు తెరవగానే లేచి నిలుచు వేపపూల కొమ్మ. లోపల మాత్రము అంగడిలో కొన్న అచ్చు కార్డునుండి కత్తిరించి అంటించిన రెండు ఇంగ్లీషు పంక్తులు ఉండెను. వానిని చూచితిని గాని పట్టించుకొనలేదు. వెనుక వరుసలో ఒక సాదా కార్డు ఉండెను. దళసరి కాగితమును నడిమికి మడిచి, పైన ‘అమ్మమ్మకు’ అనియు, క్రింద ‘ఉగాది శుభాకాంక్షలు’ అనియు పెన్సిలుతో వ్రాసి, పైని సిరా దిద్దిన కార్డది. అందముకొరకు పంక్తుల క్రింద అంటించిన జరీ రిబ్బను ఒత్తులను మ్రింగివేసినది. అమ్మమ్మ ‘అమమ’ అయినది; శుభాకాంక్షలు ‘శుభాకాంకలు’ అయినవి. తప్పులున్నవని దానిని ప్రక్కకు పెట్టితిని.

సభానంతరమున ఇరువురు పిల్లలును తమ కార్డులను తమ అమ్మమ్మల చేతికిచ్చిరి. మొదటి ఆమె బంగారు తోరణమును తడిమి చూచి సంతోషించెను. లోపలి పంక్తులను ప్రక్కనున్న వారిచే చదివించుకొని, అర్థము చెప్పించుకొనెను. రెండవ ఆమె కండ్లద్దములు సవరించుకొని, ఒక్క క్షణమాగి, లేని ఒత్తులను తానే కలుపుకొని పైకి చదివెను. ‘మన అక్షరాలు రాసినావే తల్లీ’ అని మాత్రమనెను. ఆ కార్డును ఆమె సంచిలో పెట్టుకొనలేదు. సభ ముగియువరకు చేతిలోనే పట్టుకొని కూర్చుండెను. నా తీర్పు ఎక్కడ తప్పెనో అప్పుడు తెలిసినది. నేను రెండు బొమ్మలను పోల్చితిని. వచ్చినవి రెండు ఉత్తరములు.

కార్డు ఉత్తరపు జాతికి చెందినదని దాని పుట్టుకయే చెప్పుచున్నది. 1840లో ఇంగ్లండున ఒక్క పెన్నీకి ఉత్తరము చేరవేయు తపాలా పద్ధతి ఆరంభమైనది. ఆ ఏర్పాటులో పాల్గొన్న హెన్రీ కోల్ అనునాయన 1843లో జాన్ కాల్‌కాట్ హార్‌స్లీ అను చిత్రకారునిచే బొమ్మ వేయించి, క్రిస్మసు శుభాకాంక్షల కార్డును అచ్చొత్తించెను. మిత్రులకు వేరువేరుగా ఉత్తరములు వ్రాయు శ్రమను తగ్గించుకొనుటకే ఆయన ఈ ఉపాయము పన్నెనని చెప్పుదురు. శ్రమ తగ్గించుటకు పుట్టిన ఆ అచ్చు కార్డులో సైతము, ఎవరికి, ఎవరినుండి అను రెండు చోట్ల చేతితో వ్రాయుటకు ఖాళీ విడువబడినది. చేతితో చేసిన మన కార్డులో ఆ ఖాళీయే లేకుండుట వింత కాదా?

మన ఇండ్లలో ఇంతకంటె చక్కని ఆదర్శము ఉన్నది. శుభలేఖకు నాలుగు మూలల పసుపు పెట్టుదుము. తెరవకముందే ఆ మరక ఇది శుభవార్త యని చెప్పును. అంతటితో దాని పని ముగియును. నడుమనున్న చోటంతయు మాటదే. అలంకారము అంచున ఉండి, మాటకు దారి చూపి తొలగవలెనను ఈ నీతిని మన అవ్వలు ఏ చిత్రకళాశాలలోను నేర్చుకొనలేదు.

తెలుగు వ్రాతకు ఈ చోటు మరింత అవసరము. ఇంగ్లీషు పెద్ద అక్షరములు రెండు గీతల నడుమ ఇమిడిపోవును. తెలుగు పంక్తికి మూడంతస్తులు కావలెను. నడుమ అక్షరము నిలుచును. పైన తలకట్టు, గుడి, ఏత్వము కూర్చుండును. క్రింద ఒత్తులు వ్రేలాడును. పిల్లలు చూచి అనుకరించు నమూనాలు చాలవరకు ఇంగ్లీషు మాటలకై గీసినవి. ఆ కొలతలో మన అక్షరములను ఇరికించినచో ముందుగా బలియగునవి ఒత్తులే. అక్షరము ఒక సెంటీమీటరు ఎత్తున వ్రాయదలచినపుడు పైన అర సెంటీమీటరు, క్రింద అర సెంటీమీటరు విడిచి, పంక్తికి రెండేసి సెంటీమీటర్ల చొప్పున పెన్సిలు గీతలు గీచుకొన్నచో ఈ బాధ తీరును. ముందు వ్రాసి, సిరా ఆరిన పిమ్మట అలంకరింపవలెను. ఆ సాదా కార్డు చేసిన బాలిక వ్రాతలో తప్పు చేయలేదు. రిబ్బను ఎక్కడ అంటింపవలెనో ఆమెకు చెప్పినవారు లేరు. అది మా పెద్దల లోపము.

ఇక కాగితము. చేతి కాగితముతో చేసిన కార్డులు ఆ బల్లమీద నాలుగైదు ఉండెను. ఈ కాగితము వెనుక ఎంత పని కలదో పిల్లలకు చెప్పవలెను. పత్తి గుడ్డ పీలికలను నానబెట్టి, దంచి గుజ్జు చేసి, తొట్టి నీటిలో కలిపి, జల్లెడవంటి చట్రముతో ఒక్కొక్క తావును ఎత్తుదురు. నీరు వత్తివేసి ఆరవేయుదురు. పూర్వము గంజి పట్టించి, నున్నని రాతితో రుద్ది మెరుగు పెట్టెడివారు. మహారాష్ట్రమున దౌలతాబాదు చెంతనున్న కాగజీపురా అను గ్రామమునకు ఈ పనివలననే ఆ పేరు వచ్చినది. 1934లో గాంధీజీ ప్రేరణతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము, జె. సి. కుమారప్ప నిర్వహణమున, వార్ధా కేంద్రముగా ఈ వృత్తికి మరల ప్రాణము పోయ యత్నించినది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమపు చేతికాగితపు కర్మాగారము 1959లో మొదలైనది.

ఇట్టి కాగితమునకు నాలుగంచులును నూగునూగుగా ఉండును. అది చేతి గురుతు. మా పిల్లలు దానిని లోపమనుకొని కత్తెరతో సమముగా కత్తిరించివేసిరి. మిగిలిన భాగమును బంగారు కాగితముతో కప్పివేసిరి. అట్లు చేయదలచినపుడు అట్టముక్క చాలును. గంజి తక్కువ పట్టించిన చేతి కాగితమున సిరా ప్రాకును; అందువలన వ్రాయుటకు ముందు ఒక మూల చుక్క పెట్టి చూచుకొనవలెను. యంత్రపు కాగితమునకు వేరు గుణము కలదు. అందలి పోగులు ఎక్కువగా యంత్రము నడచిన దిక్కుననే పరుచుకొనును. ఆ దిక్కున మడిచిన మడత నునుపుగా వచ్చును. అడ్డముగా మడిచినచో దళసరి కాగితము చిట్లును. రెండు వైపుల మెల్లగా వంచి చూచినచో ఏ దిక్కు సులభమో చేతికే తెలియును. ఇట్టివి చిన్న సంగతులే. కాని వస్తువు గుణము తెలిసికొని చేసిన పనికిని, తెలియక దానిపై రంగు పూసిన పనికిని గల భేదమును విమర్శకుడు చెప్పక ఎవరు చెప్పుదురు?

కానుక పెట్టెల బల్ల నన్ను మరియు ఆశ్చర్యపరచినది. ముత్యములవంటి పూసలు కుట్టిన ఒక పెట్టె మూతను తీయబోగా అది రాలేదు. పూసలు కదలకుండుటకై మూతను జిగురుతో అంటించివేసిరట! అట్టివి ఆ బల్లపై ఒకటి కంటె ఎక్కువే ఉండెను. తెరువరాని పెట్టెలో కానుక ఎట్లు పెట్టుదుము? మనవారికి పెట్టె యనగా ఏమో తెలియనిది కాదు. కుంకుమ భరిణె మూత ప్రతి ఉదయము తెరువబడును. నోములలో చాటమీద చాట మూసి వాయనమిచ్చునపుడు, ఆ మూతకు గల శోభ లోపలి వస్తువువలన కలిగినదే.

ఇదే బల్లమీద పాత క్యాలెండరు కాగితముతో చేసిన ఒక పెట్టె ఉండెను. చదరపు కాగితపు నాలుగు మూలలను నడిమికి మడిచి, అంచులను మధ్యరేఖకు చేర్చి, గోడలను లేవనెత్తు జపాను పద్ధతిలో, జిగురు చుక్కయైనను లేకుండ చేసినది. ఇరువది సెంటీమీటర్ల చదరమునుండి సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, అందులో సగము ఎత్తు గల మూత వచ్చును. అడుగు పెట్టెకు అర సెంటీమీటరు తక్కువగా, 19.5 సెంటీమీటర్ల చదరమును తీసికొన్నచో రెంటికి నడుమ రెండు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ సందు మిగులును. మూత బిగియక, జారిపోక కూర్చుండును. ఆ బాలుడు ఈ లెక్కను చేసియో, నాలుగైదు పెట్టెలు పాడుచేసియో సాధించెను. లోపల రెండు పసుపుకొమ్ములు, ఒక వక్క ఉంచెను. నేను దానినిగూడ మెరుపు లేదని దాటిపోతిని.

పని ప్రయోజనమును మరువనపుడు అలంకారము ఎంత దూరము పోగలదో చూడగోరువారు మనము నివసించు ప్రాంతములలోనే గంజీఫా చీట్లను చూడవచ్చును. మహారాష్ట్రమున సావంతవాడిలోను, ఒడిశాలో రఘురాజపూరులోను చేతితో చిత్రించిన గుండ్రని చీట్లవి. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు వీనిని ఆదరించి క్రొత్త ఆటలను కూర్చెను. ఒడిశా చిత్రకారులు గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, రుద్ది, ఆపైన రంగులు వేయుదురు. దశావతారములు ఎంత సూక్ష్మముగా చిత్రించినను, ఆటగాడు చేతిలో విప్పిన క్షణమే ఏ చీటి ఏదో గుర్తుపట్టగలడు. వెనుకవైపు అన్నియు ఒక్క తీరుననే ఉండును. చీట్లను దాచు పెట్టెకును బొమ్మలు వేయుదురు. ఆ పెట్టె మూత మాత్రము తెరుచుకొనును.

ఒక ఆక్షేపణ రావచ్చును. మన పిల్లలలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుదురు గాని బడిలో తెలుగు చదువరు. బళ్లారిలోని బాలునికి కన్నడము, మధురలోని బాలికకు తమిళము, షోలాపూరున మరాఠీ, బరంపురమున ఒడియా బడి భాషలు. అక్షరములు రానివానిని అక్షరములకై నిలదీయుట న్యాయమా? బంగారు తోరణము కత్తిరించిన చేతులలో ప్రేమ లేదందుమా?

ప్రేమ లేదనను. ఆ తోరణము కత్తిరించిన ఓర్పు పెద్దలకును రాదు. కాని అంత ఓర్పు గల చేయి నాలుగు అక్షరములు నేర్వలేదా అనియే నా ప్రశ్న. కన్నడలిపి తెలిసిన బాలునికి మన లిపి తోబుట్టువు. నాలుగు రోజుల పని. తక్కినవారికి కొంచెము ఆలస్యమగును. అంతవరకు తెలుగు మాటను తమకు వచ్చిన లిపిలోనే వ్రాసినను నేను సంతోషింతును. ‘అమ్మమ్మకు’ అను మాట తమిళ అక్షరములలో ఉన్నను తెలుగు మాటయే. ప్రక్కనే పెద్దవారు మన అక్షరములలో ఒకసారి వ్రాసి చూపినచో, మరుసటి పండుగకు ఆ బిడ్డ తానే వ్రాయును. అచ్చు కార్డునుండి కత్తిరించిన మాటకు మాత్రము ఈ ఎదుగుదల లేదు.

తరతరములుగా ఈ ప్రాంతములలో స్థిరపడిన మనకు తెలుగు వ్రాయవలసిన అవసరములు తగ్గిపోయినవి. పద్దులు తెలుగులో లేవు. అర్జీలు తెలుగులో లేవు. ఉత్తరములు ఆగిపోయి, ఫోనులో ఒక్క వ్రేలితో నూరుగురికి పోవు పండుగ బొమ్మలు వచ్చినవి. పిల్లవాడు ఒక మనిషికై, ఆ మనిషి పేరు పెట్టి, తెలుగున వ్రాయు సందర్భము ఏడాదిలో ఈ ఒక్క కార్డే కావచ్చును. అట్టి దానిని చమ్కీలతో నింపి పంపుట నష్టమని తోచి ఇంత వ్రాసితిని.

ఆ సంవత్సరపు బహుమతిని మార్చుట నావలన కాలేదు. మార్చినచో మొదటి బిడ్డకు అన్యాయమగును. మా సంఘపు పెద్దలను మాత్రము ఒక్కటి కోరితిని. వచ్చు ఉగాదికి బల్లమీద కార్డులను మూసి నిలబెట్టక, తెరచి ఉంచవలెను; పెట్టెల మూతలను తీసి ప్రక్కన పెట్టవలెను. వారు అంగీకరించిరి. ఈసారి నేను లోపలి మాటను చదివిన పిమ్మటనే పైబొమ్మను చూచెదను.