కడపజిల్లాలోని మూఁడు సమాసనామములు

స్థలనామములకు వ్యుత్పత్తి చెప్పువారు తఱచుగాఁ బూర్వపదముతోఁ గథ యల్లి యుత్తరపదమును మఱతురు. కడపజిల్లాలోని మూఁడు పట్టణముల పేళ్లు ఇందులకు నిదర్శనములు.

జమ్మలమడుగు షష్ఠీతత్పురుషము. జమ్మిచెట్టునకును, నీటిలో మొలచు జమ్మునకును బహువచనము ‘జమ్ములు’ అనియే. విభక్తి పరమగునపుడు లువర్ణము ‘ల’ యగును. కావున ‘జమ్ముల’ యను రూపము రెంటికిని సమానము. వ్యాకరణ మిచటఁ దీర్పు చెప్పఁజాలదు, చెప్పవలసినది ‘మడుగు’. పెన్న యొడ్డున నున్న యీ యూరి మడుగునకు జమ్మికంటె జమ్మే తగును. పరమందలి యకారసాహచర్యముచే ‘ము’ ‘మ’ యై యుండును. డేనులు తమ రాజధాని కోపెన్‌హేగనును కోబెన్‌హావన్ అందురు. అందును వర్తకులను దెలుపు షష్ఠీబహువచనమగు పూర్వపదము గుర్తింపరానంతగా నరిగినది. రేవను నర్థముగల యుత్తరపదమే నిలిచినది.

ప్రొద్దుటూరును ‘ప్రొద్దు’, ‘ఊరు’ అని విడఁదీసినంతఁ జాలదు. టుగాగమము కర్మధారయమునకుఁ జెప్పఁబడినది. అట్లయినఁ బ్రొద్దే యూరు కావలెను. ప్రొద్దుయొక్క యూరనువారు నుగాగమము రాకుండుటకు హేతువు చూపవలెను.

పులివెందుల పూర్వము ‘పులిమందల’ యందురు. మామిడి మావిడి యైనట్లు మకారము వకారమగును గాని, అత్వ మెత్వమగుట కుపపత్తి చూపరు. పులులు మందలు గట్టవనుటయు విచార్యము.

కథలు వినఁదగినవే, కాని ప్రాచీనశాసనరూపములతో సరిచూచునందాఁక మొదటిదానికి మాత్రమే సమ్మతి యీయఁదగును.