గాజు బొమ్మలూ, పెళ్ళిచూపులూ

పెళ్ళిచూపులంటే మా ఇంట్లో ముందురోజే సోఫా గలీబులు మారిపోతాయి. పక్కింటి పింగాణీ కప్పులు మా బల్లమీదికొస్తాయి. అందుకేనేమో, టెన్నెసీ విలియమ్స్ రాసిన 'ది గ్లాస్ మెనాజరీ' చదువుతూంటే అమెరికాలోని ఆ సెయింట్ లూయిస్ ఇరుకు వాటా నాకు పరాయిదనిపించలేదు.

1944లో షికాగోలో మొదటిసారి ఆడిన నాటకమిది. మొగుడు ఏనాడో ఇల్లొదిలిపోయాడు. గోడమీద ఫోటోలో మాత్రం నవ్వుతూనే ఉంటాడు. అమాండా టెలిఫోనులో ఆడవాళ్ళ పత్రికకి చందాదార్లని పోగుచేస్తూ నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. కొడుకు టామ్‌కి చెప్పుల గోడౌనులో ఉద్యోగం. కూతురు లారాది కాస్త కుంటి కాలు. టైపు నేర్చుకోమని పంపితే భయపడి మానేసి, తల్లికి చెప్పకుండా పార్కుల వెంట తిరుగుతుంది. ఇంట్లో గాజు జంతువుల బొమ్మల్ని తుడుచుకుంటూ కూర్చుంటేనే ఆ పిల్లకి ప్రాణం హాయి. అదే ఇల్లు టామ్‌కి ఊపిరాడని పెట్టె. సినిమా అని చెప్పి రాత్రుళ్ళు బయటపడతాడు.

టామ్ స్నేహితుడు జిమ్ భోజనానికొస్తున్నాడని తెలియగానే కొత్త దీపం, సోఫాకి కొత్త గుడ్డా వచ్చేస్తాయి. అమాండా తన పడుచునాటి పచ్చబారిన గౌను తీసి తనే వేసుకుంటుంది! నవ్వొస్తుంది, వెంటనే గుండె కలుక్కుమంటుంది. తీరా భోజనాల వేళకి కరెంటు పోతుంది. బిల్లు డబ్బు టామ్ ఓడ ఉద్యోగుల సంఘానికి కట్టేశాడు మరి, పారిపోయే ఏర్పాటు! కొవ్వొత్తి వెలుగులో జిమ్ లారాతో నాట్యం చేస్తే బల్ల కదిలి ఒంటికొమ్ము గుర్రం కొమ్ము విరుగుతుంది. కాసేపటికి తనకి వేరే అమ్మాయితో పెళ్ళి కుదిరిందంటాడు.

అమాండాని చాలామంది గయ్యాళి కింద జమకడతారు. అన్నం నమిలి తినమని కూడా ఎదిగిన కొడుకుని సతాయిస్తుంది, కాదనను. కానీ రేపు లారా గతేమిటని ఆ ఇంట్లో అడిగేది ఆవిడొక్కతే కదండీ! టామ్ జవాబు చెప్పడు, తండ్రిలాగే వెళ్ళిపోతాడు.

నా పేచీ చివరి రంగంతో. తల్లి లారాని ఓదారుస్తూ కనిపిస్తుంది, మాటలు మాత్రం వినిపించవు. వినిపించనందువల్లే ఆవిడకి హుందాతనం వచ్చిందని రచయిత రంగసూచన! ఆడది నోరు మూసుకుంటే తప్ప పెద్దరికం రాదా? పోనీ, కథంతా టామ్ జ్ఞాపకం, వాడికి గుర్తున్నది సాధింపే అని సరిపెట్టుకోవచ్చు. రచయిత అక్క రోజ్‌కి 1943లో మెదడు ఆపరేషను జరిగిందనీ, ఆ బాధే లారా అయిందనీ తెలిశాక కోపం సగం చల్లారింది.

మిగతా సగం అలాగే ఉంది. లారా కొవ్వొత్తులు ఊదేసేలోగా ఆ తల్లి ఏం చెప్పి ఓదార్చిందో నాకు వినాలనుంది. తెల్లారితే చందాల కోసం మళ్ళీ ఫోను పట్టుకోవలసింది ఆవిడే కదా.